బొమ్మ పడకముందే ఈలలు

పేరు పెట్టలేదు. ఒక్క ఫొటో వదల్లేదు. ఎప్పుడొస్తుందో చెప్పలేదు. అయినా రయట్ గేమ్స్ తయారుచేస్తున్న ఆన్‌లైన్ ఫాంటసీ ఆట గురించి గేమర్లు అయిదేళ్లుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఇంకా పుట్టని ఆట కోసం ఇంత ఎదురుచూపు ఎందుకు?

1997 ఆగస్టు 8. బ్లాక్‌థార్న్ ప్రభువు కోట ముందు జనం కిక్కిరిసిపోయారు. బ్రిటానియా దేశాన్ని ఏలే లార్డ్ బ్రిటిష్ స్వయంగా దర్శనమిస్తాడని కబురొచ్చింది. అన్నట్టే వచ్చాడు. కోట మీద నిలబడి మాట్లాడుతున్నాడు. గుంపులో రెయిన్జ్ అనే దొంగ ఉన్నాడు. ఎవరి సంచిలోంచో కొట్టేసిన మంత్రపత్రం ఒకటి వాడి దగ్గరుంది. ప్రయోగించి చూశాడు. రాజు కాళ్ల దగ్గర భగ్గున మంట లేచింది. ఆ రాజుకు చావు లేదని అందరికీ తెలుసు. ఆయనకూ అదే ధీమా. మంటలోనే నిలబడ్డాడు. చూస్తుండగానే కుప్పకూలాడు.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత నిర్వాహకులు కోపం పట్టలేక భూతాలను పిలిచి గుంపు మీదికి తోలారు. ఏ పాపం ఎరగనివాళ్లు బోలెడంత మంది చచ్చారు.

ఇదంతా ‘అల్టిమా ఆన్‌లైన్’ అనే ఆటలో జరిగింది. రాజు వేషంలో ఉన్నది ఆ ఆట సృష్టికర్త రిచర్డ్ గారియట్. అంతకు కాసేపటి ముందు సర్వర్ ఆగిపోయి మళ్లీ మొదలైంది. తిరిగి లోపలికొచ్చిన గారియట్ తన పాత్రకు చావులేని వరం తగిలించుకోవడం మరిచిపోయారు. అంతే సంగతి. అసలు విశేషం ఏమిటంటే అప్పటికి ఆ ఆట విడుదలే కాలేదు. దుకాణాల్లోకి రావడానికి ఇంకా నెలన్నర ఉంది. అక్కడ గుమిగూడినవాళ్లంతా పరీక్ష కోసం లోపలికొచ్చిన జనం. వాళ్లూ ఊరికే రాలేదు. పరీక్షలో పాల్గొనాలంటే సీడీ ఖర్చుకు 5 డాలర్లు కట్టాలని చెబితే రోజుల వ్యవధిలో 50 వేల మంది కట్టేశారు. ఆట మొత్తం మీద 30 వేల కాపీలు అమ్ముడుపోతే గొప్పేనని కంపెనీ అంతకుముందు లెక్కలు వేసుకుందని గారియట్ తర్వాత చెప్పుకొచ్చారు.

కంపెనీవాళ్ల అంచనాను ఆటగాళ్ల ఆత్రుత ఆ రోజే దాటిపోయింది. ఇప్పటికీ దాటుతూనే ఉంది. కాకపోతే అప్పట్లో నెలన్నర ఆగితే ఆట చేతికొచ్చేది.

అప్‌డేట్ ఎప్పుడు?

2020 డిసెంబరు. గ్రెగ్ స్ట్రీట్ అనే గేమ్ డిజైనర్ ట్విటర్‌లో నాలుగు ముక్కలు రాశారు. రయట్ గేమ్స్‌లో తనకు కొత్త బాధ్యత అప్పగించారనీ, ఎంతోమంది ఎప్పట్నుంచో అడుగుతున్న పెద్ద ఆట ఒకటి మొదలుపెడుతున్నాననీ, అది ఎంఎంఓ అనీ వాటి సారాంశం. ఎంఎంఓ అంటే వేలమంది ఒకేసారి ఒకే లోకంలో తిరుగుతూ ఆడే ఆన్‌లైన్ ఆట. స్ట్రీట్ అనామకుడేం కాదు. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’కు ఏళ్ల తరబడి కీలక డిజైనర్‌గా పనిచేసినవారు. రయట్ కూడా చిన్న సంస్థ కాదు. 2009లో వచ్చిన ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ వాళ్లదే. ఇంకేముంది, ఆ నాలుగు ముక్కలతోనే పండగ మొదలైంది.

మన దగ్గర పెద్ద హీరో సినిమాకు కొబ్బరికాయ కొట్టిన దగ్గర్నుంచీ అభిమానులు నిర్మాణ సంస్థ వెంటపడి ‘అప్‌డేట్ ఎప్పుడు’ అని అడుగుతారు చూశారా, అచ్చం అదే తంతు. కాకపోతే సినిమాకు ఏడాదిలోనో రెండేళ్లలోనో ఓ గ్లింప్స్ అయినా పడుతుంది. ఇక్కడ అదీ లేదు. బయటికొస్తుందన్న హామీ కూడా ఇవ్వలేనని స్ట్రీటే ఒక సందర్భంలో అన్నారు. 2023 మార్చిలో ఆయన సంస్థనే వదిలి వెళ్లిపోయారు. సరిగ్గా ఏడాదికి, 2024 మార్చిలో, రయట్ వ్యవస్థాపకుల్లో ఒకరైన మార్క్ మెరిల్ అసలు కబురు చెప్పారు. అప్పటిదాకా తయారుచేసిన ఆట మార్కెట్‌లో ఉన్నవాటికి మరీ దగ్గరగా ఉందట. అందుకని మళ్లీ మొదటికొచ్చారట. కొత్త సారథి ఫాబ్రిస్ కాండోమినాస్. ఇకమీదట చాలాకాలం, బహుశా కొన్నేళ్లపాటు, తమ నుంచి ఉలుకూ పలుకూ ఉండదని కూడా ముందే చెప్పేశారు.

మరొకరైతే కోప్పడతారు. వీళ్లలో చాలామంది మెచ్చుకున్నారు. ‘పాత చింతకాయ పచ్చడి తీసుకురాకుండా ఆగారు, అదే మంచిది’ అని సర్దిచెప్పుకున్నారు. స్ట్రీట్ సంగతికొస్తే, సొంతంగా ఫెంటాస్టిక్ పిక్సెల్ క్యాజిల్ అనే స్టూడియో పెట్టి మరో ఫాంటసీ ఎంఎంఓ మొదలుపెట్టారు. పెట్టుబడి పెట్టిన చైనా సంస్థ నెట్‌ఈజ్ వెనక్కి తగ్గడంతో 2025 చివర్లో అదీ మూతపడింది.

ఆ లోకంలో అడుగుపెట్టాలని

ఇంత ఓపిక ఎక్కడిది? లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆడేవాళ్లను కదిపితే తెలుస్తుంది. ఆ ఆటలో అయిదుగురు ఒక జట్టు, అయిదుగురు మరో జట్టు. ఆకాశంలోంచి చూస్తున్నట్టు కనిపించే ఒక మైదానంలో అరగంటపాటు కొట్టుకుంటారు. అయితే ఆ యోధుల వెనకాల రూనెటెర్రా అనే ఓ పెద్ద లోకం ఉంది. తెల్లరాతి కోటల డెమాసియా, యుద్ధోన్మాది నాక్సస్, మంచుగడ్డల ఫ్రెల్‌యోర్డ్, ఇసుకలో కూరుకుపోయిన షురీమా, ఓడదొంగల బిల్జ్‌వాటర్... ఒక్కో దేశానికీ చరిత్ర, పగలు, దేవుళ్లు. నూటయాభైకి పైగా పాత్రలకు కథలు రాసి పెట్టారు. ఆటగాడికి మాత్రం అవి చదువుకోవడానికే. కాలు పెట్టడానికి లేదు.

2021లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘ఆర్కేన్’ వచ్చింది. పైన ధగధగలాడే పిల్టోవర్ నగరం, కింద పొగచూరిన జాన్ సందులు, ఆ రెంటి మధ్య చీలిపోయిన అక్కాచెల్లెళ్ల కథ. మరుసటి ఏడాది ఉత్తమ యానిమేషన్ కార్యక్రమంగా ఎమ్మీ అందుకుంది. గేమ్‌ప్యాడ్ ముట్టనివాళ్లు కూడా ఆ సందులు చూశారు. చూశాక ఆ సందుల్లో తామే తిరగాలన్న కోరిక పుట్టడం సహజం. అభిమానులు ఇప్పటికే ఎవరికి వారు తాము పుట్టబోయే దేశాన్ని ఎంచుకున్నారు. ఏ జాతి, ఏ వృత్తి, ఇంటి కిటికీలోంచి ఏం కనపడాలి అన్నది కూడా మాట్లాడుకుంటున్నారు. వాటిలో ఒక్కటి కూడా రయట్ చెప్పింది కాదు.

నా అనుమానం, ఆట మౌనంగా ఉండటమే దానికి ఇంత ప్రచారమైంది. చూపించిన బొమ్మకు వంకలు పెడతారు. చూపించనిదానికి ఏమని వంక పెడతారు?

> ఆటగాళ్ల భాష
>
> ఈ ఆటల్లో జట్టుకు మూడు రకాల మనుషులు కావాలి. దెబ్బలన్నీ తన మీద వేసుకునేవాడు ట్యాంక్, గాయాలు మాన్పేవాడు హీలర్, శత్రువును కొట్టేవాళ్లు డీపీఎస్. శాశ్వతంగా కలిసి ఆడే బృందం గిల్డ్. పెద్ద జట్టుతో పెద్ద రాక్షసుణ్ని కొట్టడం రెయిడ్. వాడు చచ్చాక రాలే కత్తులూ కవచాలూ లూట్. వాటి కోసం చేసిన పనే వందసార్లు చేయడం గ్రైండ్. జట్టంతా ఒక్కసారిగా చచ్చిపోతే వైప్. ‘రాత్రి పన్నెండు వైప్‌లు అయ్యాయి’ అని ఎవరైనా అంటే నిద్రపోలేదని అర్థం.

హామీల చిట్టా

రాబోయే ఎంఎంఓ ఏదైనా సరే, ట్రైలర్‌తోపాటు హామీల చిట్టా ఒకటి వస్తుంది. ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా నడవగలిగే లోకం, ఋతువులు, సొంత ఇల్లు, కోటల ముట్టడి, సరకుల ధరలను ఆటగాళ్లే నిర్ణయించే సంత, మీరు చేసిన పనితో మారిపోయే చరిత్ర. చదువుతుంటే నోరూరుతుంది. పాతికేళ్లుగా ఇవే ఊరిస్తున్నాయి కూడా.

అల్టిమా ఆన్‌లైన్‌నే తీసుకోండి. అందులో గొప్పగా చెప్పుకున్న ఏర్పాటు ఒకటుంది. అడవిలో గడ్డి ఉంటుంది, గడ్డిని కుందేళ్లు తింటాయి, కుందేళ్లను తోడేళ్లు తింటాయి. కుందేళ్లు తగ్గితే తోడేళ్లు ఆకలితో గొర్రెల మంద మీద పడతాయి. నిజమైన అడవిలాగే లెక్కలన్నీ కట్టారు. పరీక్షకు తలుపులు తీయగానే ఆటగాళ్లు లోపలికి దూకి కనపడ్డ ప్రతి జంతువునూ నరికేశారు. తోడేలు ఆకలేసి తిరిగేదాకా బతికితే కదా! ఎంతో కష్టపడి చేసిన ఆ ఏర్పాటును చివరికి పీకేశారు. అది ఉన్నట్టు గమనించినవాళ్లే కరవు. అయినా 1997 సెప్టెంబరులో విడుదలైన ఆట ఆరు నెలల్లో లక్షమంది చందాదారులను సంపాదించింది. జనాన్ని నిలబెట్టింది చిట్టాలో రాసుకున్న అడవి కాదు, రాసుకోని దొంగలూ, దారి దోపిడీలూ, వాటి నుంచి కాపాడే స్నేహితులూ.

ఇక హామీలకే డబ్బులు వసూలు చేసిన ముచ్చట ఒకటి. ‘క్రానికల్స్ ఆఫ్ ఎలిరియా’ 2016లో కిక్‌స్టార్టర్‌లో చందాలకు వచ్చింది. పాత్రలకు వయసు మీద పడుతుంది, ముసలివాళ్లవుతారు, చచ్చిపోతారు, వారసులు ఆస్తి అందుకుంటారు అన్నారు. పది వేల మందికి పైగా కలిసి 13.6 లక్షల డాలర్లు ఇచ్చారు. అక్కడితో ఆగలేదు. ఆట పుట్టకముందే అందులోని రాజరికాలనూ జమీందారీలనూ అమ్మకానికి పెట్టారు. వేల డాలర్లు పోసి రాజులైనవాళ్లున్నారు. 2020 మార్చిలో డబ్బు అయిపోయిందని సిబ్బందిని ఇంటికి పంపేశారు. రాజులకు రాజ్యం లేదు, డబ్బూ లేదు. కోర్టుకెక్కారు.

> పుట్టకముందే పోయినవి
>
> ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ తర్వాత బ్లిజార్డ్ ఏడేళ్లపాటు కుస్తీ పట్టిన ఆట టైటన్. రద్దయినట్టు 2014లో ప్రకటించారు, మిగిలిన ముక్కలతో ‘ఓవర్‌వాచ్’ చేశారు. 2013లో ఆర్భాటంగా చూపించిన ఎవర్‌క్వెస్ట్ నెక్స్ట్ 2016లో ఆగిపోయింది. అమెజాన్ ప్రకటించిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఎంఎంఓ 2021లో రద్దయింది. ‘ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్’ తీసిన సంస్థ ఏళ్లుగా గుట్టుగా తయారుచేస్తున్న బ్లాక్‌బర్డ్ను 2025 జులైలో మైక్రోసాఫ్ట్ నిలిపేసింది.

విడుదలైనంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. 2021 సెప్టెంబరు 28న అమెజాన్ ‘న్యూ వరల్డ్’ను తెచ్చింది. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఒకే సమయంలో ఆడినవాళ్ల సంఖ్య 9 లక్షలు దాటింది. లోపలికి వెళ్లడానికి గంటలకొద్దీ క్యూ. నవంబరుకల్లా ఆటలో దొంగ బంగారం పుట్టించే లోపాలు బయటపడ్డాయి. చేసేదిలేక అమెజాన్ కొనుగోళ్లూ అమ్మకాలూ మొత్తం ఆపేసింది. సంత మీద బతికే ఆటలో సంతకే తాళం! కొన్నిసార్లు కోలుకుంది, మళ్లీ చతికిలబడింది. ఇక కొత్తగా ఏమీ చేర్చబోమని 2025 అక్టోబరులో సంస్థే చెప్పేసింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సర్వర్లున్న కంపెనీల్లో ఒకటి చేసిన ఆటకు పట్టిన గతి ఇది. డబ్బుంటే అన్నీ అవుతాయనుకునేవాళ్లు ఒకసారి ఇటు చూడాలి.

కష్టం ఎక్కడుందంటే, వందల మంది ఏడాదిపాటు కూర్చుని కట్టిన కొత్త దేశాన్ని ఆటగాళ్లు మూడు నాలుగు వారాల్లో చుట్టేస్తారు. ‘తర్వాతేంటి?’ అని కూర్చుంటారు. అక్కడ వాళ్లను పట్టి ఉంచేది కొత్త రాక్షసుడు కాదు. తోటివాళ్లు.

పూలకుండీకి వెయ్యి ముఖాలు

అందరూ చేతులెత్తేసిన ఆట ఒకటి బతికి బట్టకట్టిన కథ జపాన్‌లో జరిగింది. చెప్పుకోదగ్గ కథ.

‘ఫైనల్ ఫాంటసీ 14’ కోసం లోకమంతా కళ్లల్లో వత్తులు వేసుకుని చూసింది. 2010 సెప్టెంబరులో రానే వచ్చింది. వచ్చీరాగానే తిట్లు. ఏ వస్తువైనా కొనాలంటే సంతలో వరసగా నిలబడ్డ పనివాళ్లలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి సంచి తెరిచి చూడాలి. ఎవరి దగ్గర ఏముందో వెతికే దారి లేదు. వారంలో ఎనిమిది గంటలు దాటి ఆడితే అనుభవం పాయింట్లు తగ్గించడం మొదలుపెడతారు. పదిమంది ఒక చోట చేరితే తెర నత్తనడక. ఎందుకని తవ్వి చూస్తే ఓ పూలకుండీ బయటపడింది. గోడవారగా ఊరికే పెట్టిన ఆ కుండీని దాదాపు వెయ్యి బహుభుజాలతో చెక్కారు. అంటే ఒక ఆటగాడి పాత్రకు ఎంత పనిపెట్టారో కుండీకీ అంతే. అందం మీద మోజుతో, ఆ వీధిలో మనుషులు కూడా నిలబడాలన్న సంగతి మరిచారన్నమాట.

డిసెంబరులో ఆ ఆట తయారుచేసిన సంస్థ అధ్యక్షుడు యోయిచీ వాదా బహిరంగంగా క్షమాపణ చెప్పారు. దర్శకుణ్ని మార్చారు. నెలవారీ చందా వసూలు వాయిదా వేశారు. పగ్గాలు అందుకున్న నవోకీ యోషిదా ముందు రెండు దారులున్నాయి. ఉన్నదాన్ని అతుకులేసి నడపడం ఒకటి, పడగొట్టి మళ్లీ కట్టడం మరొకటి. ఆయన రెండూ చేశారు. పాత ఆటను మరమ్మతు చేస్తూనే పక్కన కొత్త ఆట రాయించారు. పాతదాన్ని ఎలా ఆపాలన్నది కథలోనే పెట్టారు. ఆకాశంలో డాలముడ్ అనే చిన్న చందమామ ఎర్రబడి నెలనెలా పెద్దదవుతూ వచ్చింది. 2012 నవంబరు 11న, మిగిలిన ఆటగాళ్లంతా ఆఖరిసారిగా గుమిగూడి పోరాడుతుండగా సర్వర్లు ఆగాయి. తర్వాత వచ్చిన వీడియోలో ఆ చందమామ పగిలి లోపలున్న బహముత్ అనే డ్రాగన్ లోకాన్ని తగలబెట్టింది.

2013 ఆగస్టు 27న ‘ఎ రెల్మ్ రీబార్న్’ పేరుతో అదే ఆట మళ్లీ పుట్టింది. సర్వర్లు కిటకిటలాడి కొన్నాళ్లు డిజిటల్ కాపీల అమ్మకం ఆపాల్సి వచ్చింది. 2021 డిసెంబరులో ‘ఎండ్‌వాకర్’ వచ్చినప్పుడూ అంతే. క్యూలు గంటలు దాటడంతో అమ్మకాలు నిలిపేసి, చందాదారులకు మొత్తం మూడు వారాల ఉచిత సమయం ఇచ్చారు. గిరాకీ ఎక్కువై సరకు అమ్మనన్న వ్యాపారిని మనం రోజూ చూడం.

> అనుకోని మహమ్మారి
>
> 2005 సెప్టెంబరులో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లోకి హక్కార్ అనే రాక్షసుడు వచ్చాడు. అతను అంటించే రక్తదోషం అతని గుడి లోపలికే పరిమితం కావాలి. కానీ వేటగాళ్ల పెంపుడు జంతువుల ద్వారా నగరాలకు పాకింది. కొత్త ఆటగాళ్లు వీధుల్లో పిట్టల్లా రాలారు. కొందరు వైద్యానికి ముందుకొచ్చారు, కొందరు ఊళ్లు వదిలి పారిపోయారు, మరికొందరు కావాలనే అంటించారు. దీన్ని అంటువ్యాధుల నిపుణులు అధ్యయనం చేస్తే, 2007లో ప్రసిద్ధ లాన్సెట్ కుటుంబానికి చెందిన వైద్యపత్రిక ప్రచురించింది.

పాత ఊరే కావాలి

కొత్త ఆట కోసం ఎదురుచూసేవాళ్లను తరచి తరచి అడిగితే చాలామంది నోట పాత ఆట పేరే వస్తుంది. 2004 నవంబరు 23న వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’. 2010 నాటికి దానికి కోటీ 20 లక్షల మంది చందాదారులు. ఏటేటా హంగులు పెరిగాయి, సౌకర్యాలు పెరిగాయి. ఒకప్పుడు గంటసేపు నడిస్తే గానీ చేరని చోటికి ఇప్పుడు ఎగిరిపోవచ్చు. జట్టు కోసం ఊళ్లో కేకలు వేయనక్కర్లేదు, మీట నొక్కితే అపరిచితులు నలుగురు వచ్చి పని కానిచ్చి మాట్లాడకుండా వెళ్లిపోతారు. సుఖం పెరిగింది, పలకరింపు పోయింది.

కొందరికి ఇది నచ్చలేదు. పాత రూపాన్ని అనుమతి లేకుండా ‘నోస్టాల్‌రియస్’ అనే సర్వర్‌లో నడిపారు. లక్షన్నర మంది చురుగ్గా ఆడేవారు. బ్లిజార్డ్ లాయర్లను పంపడంతో 2016 ఏప్రిల్లో మూశారు. 2 లక్షలకు పైగా సంతకాలతో విన్నపం వెళ్లింది. అంతకు ముందే, 2013లో, ఒక సభలో పాత ఆట మళ్లీ ఇవ్వమని అడిగినవాడికి, మీకు కావాలనిపిస్తుంది కానీ నిజానికి అక్కర్లేదు అన్న అర్థంలో వేదిక మీది బ్లిజార్డ్ అధికారి జవాబిచ్చారు. చివరికి ఆ సంస్థే దిగొచ్చింది. 2019 ఆగస్టులో ‘క్లాసిక్’ పేరుతో పాత ఆటను పాత ఇబ్బందులతో సహా ఇచ్చింది.

ఆ మొదటి రోజుల ఫొటోలు ఇప్పటికీ నెట్‌లో ఉన్నాయి. చంపాల్సిన పిశాచి ఒక్కడే, చంపాల్సినవాళ్లు వందమంది. ఎవరూ చెప్పకుండానే ఆటగాళ్లు వరస కట్టారు. కత్తులూ గదలూ పట్టుకున్న వీరులంతా ఒకరి వెనక ఒకరు కొండదారి పొడవునా బుద్ధిగా నిలబడ్డారు. మధ్యలో దూరబోయినవాణ్ని మందలించారు. వంతు వచ్చేదాకా కబుర్లు చెప్పుకున్నారు. ఏ డిజైనరూ ‘క్యూలో నిలబడే సౌకర్యం’ అని హామీల చిట్టాలో రాయడు. జనం ఏళ్ల తరబడి బెంగపడింది మాత్రం దాని కోసమే.

ఇబెలిన్ ఇంటికి వచ్చిన ఉత్తరాలు

నార్వేలో మాట్స్ స్టీన్ అనే అబ్బాయికి డుషేన్ కండరాల క్షీణత. చిన్నప్పుడే చక్రాల కుర్చీ. రోజులో ఎక్కువ గంటలు ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆడేవాడు. 2014లో పాతికేళ్ల వయసులో చనిపోయాడు. ప్రేమించే అవకాశం, స్నేహితుల సావాసం, ఎవరికైనా సాయపడిన తృప్తి... ఇవేవీ తెలియకుండానే బిడ్డ వెళ్లిపోయాడని అమ్మానాన్నలు కుమిలిపోయారు. కొడుకు రాసుకునే బ్లాగులో మరణవార్త పెట్టి, కింద ఈమెయిల్ చిరునామా ఇచ్చారు. ఎవరైనా రాస్తారని కాదు, చెప్పడం మర్యాద అని.

ఉత్తరాలు వరదలా వచ్చాయి. ఆటలో అతని పేరు ఇబెలిన్. స్టార్‌లైట్ అనే గిల్డ్‌లో ఏళ్ల తరబడి ఉన్నాడు. తన జబ్బు సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. కుంగిపోయిన ఒకమ్మాయికి ధైర్యం చెప్పాడు. ఆటిజం ఉన్న కొడుకుకు దగ్గర కాలేక అల్లాడుతున్న ఓ తల్లికి, ఆటలోనే కలుసుకోమని దారి చూపించాడు. అంత్యక్రియలకు గిల్డ్ సభ్యులు వేరే దేశాల నుంచి వచ్చారు. అంతవరకూ ఒక్కసారీ మొహం చూడనివాళ్లు. 2024లో ‘ది రిమార్కబుల్ లైఫ్ ఆఫ్ ఇబెలిన్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. గిల్డ్‌లో భద్రపరిచిన 42 వేల పేజీల సంభాషణల ఆధారంగా అతని రెండో జీవితాన్ని తెర మీద మళ్లీ అల్లారు.

దీన్ని చూపించి ఆటలన్నీ అమృతమనడం తప్పే. ఆట మీద అదుపు తప్పడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో చేర్చింది. 2022 నుంచి అది అమల్లో ఉంది. ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు, చదువులు పాడుచేసుకున్నవాళ్లున్నారు. రెండూ నిజాలే.

అర్ధరాత్రి పన్నెండున్నరకు

మన దేశంలో మొబైల్‌లో కాల్చుకునే ఆటలకున్న జనం ఈ ఆటలకు లేరు. కంప్యూటర్ కావాలి, నెలనెలా చందా కావాలి, అన్నిటికీ మించి తీరిక కావాలి. అయినా హైదరాబాద్, బెంగళూరు ఐటీ కొలువుల్లో, అమెరికాలో చదువుకునే తెలుగు పిల్లల్లో ఆడేవాళ్లు ఉన్నారు. పెద్ద ఫాంటసీ ఎంఎంఓలు చాలావాటికి ఇండియాలో సర్వర్లు లేవు. ఇక్కడి నుంచి యూరప్‌కో, మరో దూర దేశానికో తగులుకోవాలి. మీట నొక్కిన సంగతి యూరప్ దాకా పోయి రావడానికి 150 మిల్లీసెకన్లకు అటూ ఇటూ పడుతుంది. రాక్షసుడి దెబ్బ తప్పించుకున్నామని మనకనిపించేలోపు అక్కడ మన తల తెగి ఉంటుంది. ఇంకో చిక్కు గడియారం. యూరప్‌లో రాత్రి భోజనాలయ్యాక ఎనిమిదింటికి రెయిడ్ పెట్టుకుంటారు. చలికాలంలో మనకది అర్ధరాత్రి పన్నెండున్నర.

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఇలాగే ఆడతాడు. ఒక రాత్రి వాళ్లింట్లో పడుకున్నప్పుడు మంచినీళ్లకు లేస్తే గదిలో దీపం, చెవులకు హెడ్‌సెట్. తెర మీద రంగుల తుపాను. వాడి కళ్లు మాత్రం రాక్షసుడి మీద లేవు. పక్కన నిలువుగా పేర్చిన ఎనిమిది పేర్ల మీద, వాటి పక్కన తరిగి పెరిగే ఆకుపచ్చ గీతల మీద ఉన్నాయి. అక్క కూడా లేచి వచ్చింది.

“రెండవుతోంది, లేవరా!”

“ఉండమ్మా. ఎనిమిది మందిలో ఇప్పుడు నేనొక్కణ్నే హీలర్ని మిగిలా. నేను లేస్తే మిగతా ఏడుగురూ చస్తారు.”

“ముక్కూ మొహం తెలియనివాళ్లు చస్తారని నీ నిద్ర చంపుకుంటావా?”

“తెలియకపోవడమేంటమ్మా, రెండేళ్ల నుంచి వారానికి రెండు రాత్రులు వీళ్లతోనేగా!”

రయట్ ఆట గురించి మర్నాడు అడిగాను. “మామయ్యా, గ్రాఫిక్స్ ఎలా ఉన్నా పర్లేదు. ముంబైలో సర్వర్ పెడితే చాలు, మనవాళ్లతో మన టైముకి ఆడుకుంటాం” అన్నాడు. తన మరో ఆట వాలరెంట్‌కు రయట్ ముంబైలో సర్వర్లు పెట్టింది కాబట్టి ఆ ఆశ మరీ గాలిలో మేడ కాదు.

> ఇది జూదం కాదు
>
> ఆన్‌లైన్ గేమ్ అనగానే మన ఇళ్లలో రమ్మీ గుర్తొస్తుంది. డబ్బు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు పందేల ఆటలను నిషేధించింది. పందెం లేకుండా చందా కట్టి ఆడేవి ఆ నిషేధం కిందికి రావు. ఈ-స్పోర్ట్స్‌కు విడిగా గుర్తింపు ఇచ్చింది.

ట్రైలర్ చూసి మురిసిపోకండి

రయట్ ఆటే కాదు, రాబోయే ఏ ఎంఎంఓ విషయంలోనైనా నేను నాలుగు సంగతులు చూస్తాను. ట్రైలర్‌లో కనిపిస్తున్నది నిజంగా ఆడుతున్నప్పుడు తీసిందా, విడిగా అల్లిన బొమ్మా? పరీక్షలకు కంపెనీ మనుషులను కాక బయటి జనాన్ని వేలల్లో పిలిచారా? ఆఖరి దశకు చేరినవాడికి మూడో నెలలో చేయడానికి ఏముంది? మన దగ్గర్లో సర్వర్ ఉందా? వీటికి జవాబు రాకముందే కోటలూ బిరుదులూ ‘ఫౌండర్ ప్యాక్’లూ అమ్ముతున్నారంటే పక్కకు జరగడం మంచిది. మెరిల్ మాటలను బట్టి చూస్తే రయట్ ఆట దగ్గర్లో లేదు. ఉన్నది పడగొట్టి మళ్లీ కట్టే ధైర్యం ఆ సంస్థ చూపించింది కనుక నాకైతే దాని మీద ఇంకా నమ్మకం ఉంది. అది వస్తుందనే పందెం మాత్రం కాయను.

ఆటలో చేరాలని ఇంట్లో పిల్లలు తహతహలాడుతుంటే వాళ్లకు ఒక్క విషయం చెప్పి ఉంచండి. ఇది రాసే సమయానికి రయట్ తన ఎంఎంఓకు ముందస్తు బుకింగ్ గానీ, పరీక్షల నమోదు గానీ మొదలుపెట్టలేదు. ‘బీటా కీ (పరీక్షల్లో చేరే కోడ్) ఇస్తాం, డబ్బు పంపండి’, ‘ఈ లింకులో లాగిన్ అవ్వండి’ అని ఎవరైనా మెసేజ్ పెడితే అది మోసం. పాస్‌వర్డ్ గానీ, కార్డు నంబరు గానీ ఇవ్వొద్దు.